వినేవారి సంతకం

మార్చి 3

బయల్దేరేముందు అక్క మళ్ళీ ఫోన్ చేసింది. "యాభై ఎనిమిదేళ్ళు వచ్చాయి. మొగుడూ పెళ్ళామూ వీపులకి సంచులు తగిలించుకుని దీవుల వెంట తిరగడమేంట్రా? జనం నవ్వుతారు" అంది. నవ్వనీ. ముప్ఫై ఏళ్ళు ఊళ్ళో ప్రతి మీటింగుకీ మైకుసెట్టు కట్టి, వాళ్ళ గొంతులు వీధి చివరిదాకా వినిపించినవాణ్ణి. ఒక నెల రోజులు నా గురించి చెప్పుకుని నవ్వుకుంటే నా సొమ్మేం పోయింది? "నువ్వు టీవీ పెడితే పక్కింటివాళ్ళు వార్తలు వింటున్నారు. ముందు చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళు" అని కూడా అంది. లైను బాగాలేదని చెప్పి పెట్టేశాను.

సాయంత్రానికి సర్వే ఆఫీసుకి చేరాం. రేవు పక్కన రేకుల గది, గోడల నిండా మ్యాపులు, కిటికీ అద్దాల నిండా ఉప్పు. ఆఫీసరమ్మకి ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు. నా చేతికి హెడ్‌ఫోన్ ఇచ్చి, "ఇరవై కూతలు వినిపిస్తాను సార్. ఏది ఏ పిట్టదో చెప్పాలి. వినేవాళ్ళందరికీ ఈ పరీక్ష ఉంది" అంది.

అరికాలి మంట నెత్తికెక్కింది. నాకా చెవుల పరీక్ష! స్టేజీ అవతల ఏ పెట్టెలో ఏ వైరు వదులైందో ఇవతల నిలబడి చెప్పేవాణ్ణి. పదేళ్ళ క్రితం ఇదే సర్వేలో ఒకటో దీవి మీద నలభై రెండు సన్నగొంతు పిట్టలు రాయించినవాణ్ణి. "పాత ఫైలు తీసి చూడమ్మా, తర్వాత మాట్లాడదాం" అన్నాను. తీసింది, చూసింది, హెడ్‌ఫోన్ డ్రాయరులో పెట్టేసింది. టైపిస్టమ్మ నా చొక్కా లాగింది, "ఐదు నిమిషాల పనే కదండీ" అని. నా పెళ్ళామే కానీ, కోర్టులో ఇరవై ఏడేళ్ళు టైపు కొట్టిన అలవాటు, ఆఫీసర్లు ఏం చెప్పినా తలూపుతుంది. నేను ఊపలేదు.

రూల్సు మారలేదు. సన్నగొంతు కంటికి కనపడే పిట్ట కాదు, ముళ్ళపొదల్లో ఉంటుంది. కూతే లెక్క. ఒకరు వినాలి, ఒకరు రాయాలి. వినేవాళ్ళు వేలెత్తితే ఒకటి. రాసేవాళ్ళు నోరు తెరవకూడదు, చెయ్యి చూపించకూడదు, కనుబొమ కూడా ఎగరెయ్యకూడదు. కాగితం కింద ఇద్దరి సంతకాలూ ఉండాలి. మొత్తం ఆరు దీవులు, దీవికి రెండు ఉదయాలు. ఏ దీవి మీద సన్నగొంతు లేదని తేలితే ఆ దీవి కట్టడాలకి మూసి ఉంచిన దీవుల జాబితాలోంచి పోతుంది, హోటలు కంపెనీ తీసుకుంటుంది. కంపెనీ పడవ అప్పుడే రేవులో కట్టేసి ఉంది, తెల్లగా, మా పడవకి నాలుగింతలు.

ఒక్క దీవి కూడా ఇవ్వను.

మార్చి 5. ఒకటో దీవి

పడవ మనిషి మమ్మల్ని మోకాటి లోతు నీళ్ళలో దించేసి, మూడు రోజుల్లో వస్తానని వెళ్ళిపోయాడు. మనిషి జాడ లేదు. ఇసుక ఎంత తెల్లగా ఉందంటే టైపిస్టమ్మ చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది, మాసిపోతుందేమో అన్నట్టు. నీళ్ళు ఒడ్డు దగ్గర ఆకుపచ్చ, ఆ వెనక నీలం. డేరా వేశాం. నేను ఒక మేకు వేసేలోపు ఆవిడ నాలుగు వేసింది.

ఆవిడ ఎన్నడూ సముద్రంలో తల ముంచలేదు. ఈరోజు ముంచింది. పైకి లేచి, జుట్టంతా మొహాన వేసుకుని, చిన్నపిల్లలా కేకలు పెట్టింది. కాళ్ళ చుట్టూ పసుపుచారల చేపలు తిరుగుతున్నాయట. నాకిది చూడ్డానికే బోలెడు దూరం వచ్చినట్టనిపించింది.

రేపు పొద్దున్నే మొదటి లెక్క. యాభైకి తగ్గదు, చూద్దాం.

మార్చి 6

సున్నా.

ఎనిమిది చోట్ల నిలబడ్డాం, చోటుకి పది నిమిషాలు. ఒక్కటి లేదు. గువ్వలున్నాయి, కాకులున్నాయి, అల ఉంది. సన్నగొంతు లేదు. చివరి చోట టైపిస్టమ్మ నా మొహంలోకే చూస్తోంది. "లేదు. రాసెయ్" అన్నాను. "లేదా?" అంది. "లేదన్నానుగా." రాసింది.

పదేళ్ళలో నలభై రెండు పిట్టలు ఎక్కడికి పోతాయి?

మార్చి 7

మళ్ళీ సున్నా. కాగితాలు పడవ మనిషికి ఇచ్చాం, ఆఫీసులో ఇస్తాడు.

ఇంకో సంగతి. ఈ దీవి మీద దోమలు కూడా లేవు. పోయినసారి రాత్రంతా చెవి దగ్గర జుయ్యిమని ప్రాణాలు తీశాయి, ఈసారి ఒక్కటీ లేదు. ఒళ్ళంతా దద్దుర్లు మాత్రం వచ్చాయి. ఏవో చీమలయి ఉంటాయి. టైపిస్టమ్మ నాకు మందు రాస్తూ ఏదో అనబోయి ఊరుకుంది.

మార్చి 10. రెండో దీవి

నిన్నా ఈరోజూ సున్నాలే. కలిసి నాలుగు కాగితాలు, నాలుగు సున్నాలు.

ఉడుము మా సంచి తెరిచింది. నాలుగడుగుల ఉడుము, పాత సామాను కొనేవాడిలా ఒక్కొక్క వస్తువూ బయటికి తీసి చూసి పక్కన పెడుతోంది. గుడ్లు తినేసింది, సబ్బు కొరికింది, నా మోకాలి పట్టీ నోట కరుచుకుని పొదల్లోకి పోయింది. టైపిస్టమ్మ గిన్నె మీద గరిటెతో కొడుతూ దాని వెంట పడింది. అది ఒకసారి వెనక్కి తిరిగి చూసి మరీ నింపాదిగా నడిచింది. ఇసుకలో కూర్చుని నవ్వలేక చచ్చాం. పట్టీ లేకుండానే నడుస్తున్నాను, మోకాలికేం కాలేదు. డాక్టర్లు చెప్పేవన్నీ ఇలాగే ఉంటాయి.

సాయంత్రం తాబేలు గుడ్లు పెట్టడానికి వచ్చింది. వెనక కాళ్ళతో గొయ్యి తవ్వుకుని, ఒక్కొక్క గుడ్డే పెట్టి, కప్పి, వెనక్కి చూడకుండా సముద్రంలోకి వెళ్ళిపోయింది. టైపిస్టమ్మ నా చెయ్యి పట్టుకుంది. వేళ్ళు చల్లగా ఉన్నాయి. "ఏమైంది?" అంటే, "ఏం లేదండీ" అంది. ఈమధ్య మరీ నోట్లో నోట్లో మాట్లాడుతోంది. గట్టిగా మాట్లాడమని ఎన్నిసార్లు చెప్పాలి?

మార్చి 11

నిన్న ఆవిడ సున్నా ఎంత గట్టిగా చుట్టిందంటే కాగితం చిరిగింది.

మార్చి 13. మూడో దీవి

సున్నా.

ఇప్పుడు నాకు అర్థమైంది. పిట్టలు ఒక్కటే కాదు. కీచురాళ్ళు కూడా లేవు ఈ దీవుల మీద. చీకటి పడితే చెవులు గింగురుమనాలి, అలాంటిది అంతా నిశ్శబ్దం. ఎవరో మందు కొట్టారు. కంపెనీవాళ్ళే కొట్టి ఉంటారు. పురుగు చస్తే పిట్ట చస్తుంది, పిట్ట చస్తే దీవి చేతికొస్తుంది. నేను ఊరుకుంటానా? పేపరుకి ఉత్తరం రాస్తాను. ఇద్దరు మంత్రులకి రాస్తాను.

టైపిస్టమ్మకి చదివి వినిపించాను. "దీవుల మీద కీచురాయి కూత కూడా వినిపించని దారుణం" అన్నచోట, "ఆ వాక్యం తీసెయ్యండి" అంది. ఎందుకంటే చెప్పదు. "సాక్ష్యం లేకుండా రాయకూడదు" అంది. కోర్టు బుద్ధి! నా చెవుల కన్నా సాక్ష్యం ఏం కావాలి?

రాత్రంతా గబ్బిలాలు చెట్ల పళ్ళు కొరికి మా డేరా మీద ఉమ్మాయి.

మార్చి 14

కంపెనీ మనిషి వచ్చాడు. తెల్లపడవ, తెల్లబూట్లు. మాకు చల్లటి డ్రింకులు తెచ్చాడు. ఆఫీసులో మా కాగితాలు చూశాడట. నా చెయ్యి పట్టుకుని ఊపేస్తూ, "ఇంతకుముందొచ్చినవాళ్ళు లేని పిట్టల్ని రాసేవాళ్ళు సార్. లేనిది లేదని రాయడానికి గుండె కావాలి. మీలాంటి నిజాయితీపరుడు ఒక్కడుంటే చాలు" అన్నాడు.

తాగలేదు ఆ డ్రింకు. ఇసుకలో పోశాను. పొయ్యడం అతను చూడాలనే పోశాను.

టైపిస్టమ్మ అతని పడవ కనుమరుగయ్యేదాకా నిలబడి చూసింది. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి. ఉప్పుగాలి అంది.

మార్చి 17. నాలుగో దీవి

ఏడో చోటు. ముళ్ళపొద ముందు నిలబడ్డాం. రెండు చేతుల దూరంలో, కొమ్మ చివర, బయటికొచ్చి కూర్చుంది సన్నగొంతు. నా జీవితంలో దాన్ని కళ్ళతో చూడడం ఇదే మొదలు. బొటనవేలంత పిట్ట, గొంతు కింద ఎర్రచుక్క.

ముక్కు బార్లా తెరిచింది. ఎర్రచుక్క గిలగిలా కొట్టుకుంది. మళ్ళీ తెరిచింది. మళ్ళీ కొట్టుకుంది.

ఏ శబ్దమూ లేదు.

ఆవులించి ఉంటుంది. పిట్టలూ ఆవులిస్తాయి. అయినా కూత లెక్క గానీ చూపు లెక్క కాదు. సున్నా రాయించాను.

మార్చి 18

రాయడానికి ఏమీ లేదు.

మార్చి 19

ఇక్కడ అబద్ధం రాస్తే ఎవరికి చెబుతున్నట్టు? రాస్తాను.

టైపిస్టమ్మ వాచీలో అలారం ఉంది. రోజూ ఐదుకి మోగుతుంది, ఆవిడ లేచి నన్ను తట్టి లేపుతుంది. నాకు అది ఎప్పుడూ వినపడలేదు. మొద్దునిద్ర అనుకునేవాణ్ణి. ఈరోజు ఆవిడ స్నానానికి నీళ్ళలోకి దిగాక వాచీ తీసుకుని ఒక నిమిషం ముందుకి అలారం పెట్టాను. కుడిచెవికి ఆనించుకున్నాను. నిమిషం అయింది. అద్దంలో గంట బొమ్మ ఆరుతూ వెలుగుతోంది. ఎడమచెవికి పెట్టుకున్నాను. గంట బొమ్మ ఆరుతూ వెలుగుతోంది.

అంతలో ఆవిడ నీళ్ళలోంచి అరిచింది, "ఏవండీ, ఆ అలారం ఆపండి, కొంగలన్నీ లేచిపోతున్నాయి!"

యాభై అడుగుల దూరం నుంచి వినపడింది ఆవిడకి.

వచ్చింది. నా చేతిలో వాచీ చూసింది. తడిబట్టలతోనే నా పక్కన ఇసుకలో కూలబడింది. అడిగాను, "నీకు మొదటిరోజు నుంచీ వినపడుతూనే ఉన్నాయా?"

"ఊఁ."

"ఒకటో దీవి మీద ఎన్ని?"

"ముప్ఫై ఒకటి మొదటి రోజు. ఇరవై తొమ్మిది రెండో రోజు."

"రెండో దీవి?"

"పద్నాలుగు. పదహారు."

"మూడో దీవి?"

"అక్కడ లేవండీ. మీరు రాయించింది నిజమే."

"ఇక్కడ?"

"మొన్న తొమ్మిది. ఆ ఏడో చోట పిట్ట మీ మొహంలోకి చూస్తూనే కూసింది. నిన్న ఎనిమిది."

మనిషిని నిలబెట్టి తల తీసేసినట్టయింది. వెంటనే కోపం వచ్చింది, ఆవిడ మీదే. కోపమే ముందు వస్తుంది నాకు. "మరి నోరు మూసుకుని సున్నాలు ఎందుకు చుట్టావు? ఆ తెల్లబూట్లవాడు నా చెయ్యి ఊపుతుంటే ఎందుకు చూస్తూ నిలబడ్డావు?" అని అరిచాను.

"రాసేవాళ్ళు కనుబొమ కూడా ఎగరెయ్యకూడదన్నారు. సంతకం పెట్టాను" అంది. "అది సాకు" అంది తనే. "నేను చెప్పలేకపోయాను. మైకుసెట్టు దుకాణం మూసినరోజు ఆ పెట్టెలన్నీ లారీ ఎక్కించి వచ్చి మూడు రోజులు అన్నం ముట్టలేదు మీరు. అన్నీ పోయినా చెవులున్నాయిగా అన్నారు. ఇప్పుడు అవీ పోయాయని నా నోటితో ఎలా చెప్పను? రేపు మీకే తెలుస్తుంది, రేపు తెలుస్తుంది అనుకున్నాను. అలా నాలుగు దీవులయ్యాయి."

ఆవిడ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఒప్పుకోడానికి సిగ్గేం లేదు, ఇది నా డైరీ.

మందు కొట్టిందీ లేదు, కీచురాళ్ళు చచ్చిందీ లేదు, సన్నటి చప్పుడేదీ నా చెవికి ఎక్కడం లేదు, అంతే. ఒళ్ళంతా దోమలే. మంత్రులకి రాసిన ఉత్తరాలు పొయ్యిలో వేశాను.

ఆవిడ చెప్పిన అంకెలు కాగితం మీద వేసేద్దాం అన్నాను. తల అడ్డంగా ఊపింది. "నేను వినేదాన్ని కాను. పరీక్ష రాయలేదు, ఆ గడిలో నా సంతకం లేదు. ఆ కాగితం చెల్లదు. కంపెనీ ప్లీడరు ఒక్క నిమిషంలో కొట్టేస్తాడు. ఇన్నేళ్ళు అలాంటివే టైపు కొట్టాను."

అయితే మళ్ళీ మొదటి నుంచి చేద్దాం. ఆవిడ వింటుంది, నేను రాస్తాను.

మార్చి 21

పడవ మనిషిని కాళ్ళావేళ్ళా పడి ఒప్పించి ఆఫీసుకి వచ్చాం. కమిటీ ఏప్రిల్ పన్నెండున కూర్చుంటుంది. ఆ లోపు కొత్త కాగితాలు చేరకపోతే నాలుగు దీవులూ సున్నాల లెక్కనే పోతాయి.

ఆఫీసరమ్మ బల్ల ఎదురుగా తెల్లబూట్లతను కూర్చునే ఉన్నాడు, ఏదో పని మీద. లేవమని నేను అడగలేదు. ఉండనీ, వింటాడు. "అమ్మా, నా నాలుగు దీవుల కాగితాలూ చెల్లవు. నాకు సన్నగొంతు కూత వినపడదు" అన్నాను. గది చిన్నది, నా గొంతు పెద్దది. వరండాలో ఉన్నవాళ్ళు కూడా తిరిగి చూశారు.

తెల్లబూట్లతను నవ్వాడు. "ఎందుకు సార్, ఈ వయసులో మీ పరువు మీరే తీసుకోవడం?" అన్నాడు.

"నా పరువు, నా ఇష్టం. నీకేమైనా కావాలా అందులో?" అన్నాను.

ఆఫీసరమ్మ మొహం పాలిపోయింది. "పరీక్ష పెట్టకుండా పంపినందుకు నాకు మెమో వస్తుంది సార్" అంది.

"రాసిస్తాను. వద్దన్నది నేను, తప్పు నాది అని రాసిస్తాను."

కాగితం ఇచ్చింది. పెన్ను పట్టుకున్నాను. నాలుగు వాక్యాలకి ముప్పావుగంట పట్టింది. 'నాకు వినపడదు' అన్న రెండు మాటల దగ్గరే అరగంట. టైపిస్టమ్మ పక్కన నిలబడింది కానీ నేను రాస్తానంటే పెన్ను నేనే పట్టుకోవాలి కదా. సంతకం పెట్టాను. 'వినేవారి సంతకం' అన్న గడిలో అదే ఆఖరిసారి.

తర్వాత ఆవిడని కూర్చోబెట్టి హెడ్‌ఫోన్ పెట్టారు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంది. పదేళ్ళ క్రితం నేను ఇంట్లో టేపు పెట్టి నేర్చుకున్న కూతలే, పక్కనే ఉండి ఆవిడా విన్నవే, ఇరవై కూతలూ ఆగకుండా చెప్పింది. ఆఫీసరమ్మ జాబితా మీద టిక్కులు పెట్టుకుంటూ వెళ్ళి, "ఇరవైకి ఇరవై మేడమ్" అంది. మా ఆవిడ కళ్ళు తెరిచి, "పదమూడోదాంట్లో రెండు పిట్టలున్నాయండీ. వెనకాల దూరంగా ఇంకోటి" అంది. ఆఫీసరమ్మ మళ్ళీ పెట్టుకుని విని, నోరు తెరిచింది. రెండేళ్ళుగా అదే రికార్డు వాడుతున్నారట, ఎవరూ చెప్పలేదట.

ముప్ఫై ఏళ్ళు సంసారం చేసి, ఊరందరికీ మైకు ఇచ్చాను. ఈవిడకి ఏం వినిపిస్తుందో ఒక్కసారి అడగలేదు.

మార్చి 22

అక్క ఫోన్ చేసింది. "అవునే, వినపడదు. గట్టిగా మాట్లాడు" అన్నాను. పాపం, అటువైపు ఒక్క మాట లేదు. ఉంటే నాకు వినపడలేదేమో.

తిరిగొచ్చాక చెవిమిషను కొంటాను. ఎలాంటిది కొనాలో మాత్రం ఎవడూ నాకు చెప్పనక్కర్లేదు. మైకుల సంగతి నాకు తెలుసు.

మార్చి 25. ఒకటో దీవి, రెండోసారి

నిన్న ముప్ఫై, ఈరోజు ముప్ఫై మూడు.

రాయడం నేననుకున్నంత తేలిక కాదు. ఆవిడ వేలెత్తిన ప్రతిసారీ నా మెడ దానంతటదే పొద వైపు తిరుగుతోంది. వినపడదని తెలిసీ తిరుగుతోంది. వేలు వైపే చూడాలి. ఎత్తిన వేలుకి ఒక గీత, ఐదింటికి ఒక కట్ట. నా గీతలు వంకర. ఆవిడ కాగితం చూసి, "మా ఆఫీసులో అయితే దీన్ని మళ్ళీ కొట్టించేవాళ్ళు" అంది. చాలా రోజుల తర్వాత వెక్కిరించింది. హాయిగా అనిపించింది.

మార్చి 28. రెండో దీవి

పదిహేను, పదిహేను. ఉడుము మళ్ళీ వచ్చింది. ఈసారి సంచి చెట్టుకి కట్టాం. కింద కూర్చుని పైకి చూసి చూసి, మాకు వీపు తిప్పి వెళ్ళిపోయింది. మోకాలు వాచింది. పట్టీ ఉంటే బాగుండేది. అప్పుడు మోకాలికేం కాలేదని రాశాను, అదీ అబద్ధమే.

మార్చి 30

రెండో దీవికీ మూడో దీవికీ మధ్య గాలి తిరిగింది. పడవ మనిషి ఇంజన్ ఆపేసి, "కూర్చోండి, లేవకండి" అని అరిచాడు. అల మా తలల మీద నుంచి దాటింది. డబ్బా పెట్టి నీళ్ళు తోడాను, గంటన్నర. టైపిస్టమ్మ కాగితాల సంచిని పొట్టకి కట్టుకుని, పైన రెయిన్‌కోటు తొడుక్కుని, దాని మీద బోర్లా పడుకుంది. అల తగ్గాక డాల్ఫిన్లు వచ్చాయి, పది పన్నెండు, పడవ పక్కనే ఎగురుతూ. వాంతులు చేసుకుంటూనే వాటిని చూసింది ఆవిడ. "మళ్ళీ వద్దామా?" అంది. పిచ్చిది.

ఏప్రిల్ 1. మూడో దీవి

నిన్న సున్నా, ఈరోజు సున్నా.

ఎనిమిదో చోట పది నిమిషాలు అయిపోయాయి. ఇంకో పది నిమిషాలు నిలబడదామన్నాను. రూలు ఒప్పుకోదంది. కాగితం నా చేతిలో ఉంది, పెన్సిలు నా చేతిలో ఉంది. ఒక్క గీత. ఆ ఒక్క గీత గీస్తే దీవి నిలబడుతుంది. ఈ ఇసుక మీద తెల్లబూట్ల అచ్చులు పడవు. ఎవడికి తెలుస్తుంది?

"వేసేస్తాను. ఒక్కటే" అన్నాను.

"వద్దు."

"కంపెనీకి ఇచ్చేస్తావా దీన్ని? నీ చేత్తో?"

"లేనిది ఒక్కటి రాస్తే ఉన్నవన్నీ పోతాయి. ఒకటో దీవి మీద ముప్ఫై మూడు ఎవరు నమ్ముతారు అప్పుడు?" ఆవిడ గొంతు ఎప్పుడూ అంత పెద్దగా లేదు. నాకు స్పష్టంగా వినపడింది. "నేను వేలెత్తలేదు. రాసేవాళ్ళు సొంతంగా ఏమీ కలపకూడదు. మీరు నా చేత సున్నా రాయించారు, నేను రాశాను. ఇప్పుడు నేను రాయిస్తున్నాను. రాయండి."

సున్నా చుట్టాను. కాగితం చిరగలేదు కానీ కింది కాగితాలన్నిటి మీదా అచ్చు పడింది.

గబ్బిలాలకి ఈ సంగతి తెలియదు. పళ్ళు కొరుకుతూనే ఉన్నాయి.

ఏప్రిల్ 4. నాలుగో దీవి

తొమ్మిది, తొమ్మిది. ఏడో చోట ఎర్రచుక్క పిట్ట ఈరోజు కూడా అదే కొమ్మ చివర కూర్చుంది. నోరు తెరిచింది. టైపిస్టమ్మ వేలు లేచింది. నేను గీత గీశాను.

ఆవులింత కాదు.

ఏప్రిల్ 6

ఐదో దీవి. ఇరవై ఒకటి. జెల్లీచేప ఆవిడ కాలికి చుట్టుకుంది. పిక్క మీద కొరడా దెబ్బల్లా తేలాయి. పొద్దున్న కర్ర ఊతంతో ఎనిమిది చోట్లా నడిచింది. వద్దన్నాను. "మీ మోకాలుతో మీరు నడవట్లేదా?" అంది. ఇద్దరివీ కలిపితే రెండు మంచి కాళ్ళున్నాయి, చాలు.

ఏప్రిల్ 7

ఇరవై.

ఏప్రిల్ 10. ఆరో దీవి

పడవ మధ్యాహ్నం వస్తుంది. ఇక్కడి నుంచి తిన్నగా ఆఫీసుకి. కమిటీకి ఇంకా రెండు రోజులుంది.

ఇది అన్నిటికన్నా చిన్న దీవి. మేమిద్దరం అడుగు పెట్టాల్సినవాటిలో మిగిలింది ఇదొక్కటే. నిన్న వానలో సగం చోట్లే చెయ్యగలిగాం, మూడు రాశాను. కంపెనీ పడవ అవతల లంగరు వేసి ఉంది నిన్నటి నుంచి, మేము ఎప్పుడు లేస్తామా అని. తెల్లబూట్లతను డెక్కు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నేను చెయ్యి ఊపాను, రెండు చేతులూ ఎత్తి మరీ.

ఈరోజు వాన వెలిసింది. తడి ఆకుల మధ్య ఆవిడ ముందు, నేను వెనక, వీపు మీద సంచులు, ఇద్దరికీ కుంటే. మొదటి చోట రెండు. రెండో చోట లేదు. మూడో చోట ఒకటి. ఆవిడ కళ్ళు మూసుకుని నిలబడుతుంది. పెదాలు కొంచెం తెరుచుకుంటాయి. వేలు లేవడానికి ముందు మొహంలో ఏదో వెలుగుతుంది. ఇప్పుడు నాకు అది తెలిసిపోతోంది, వేలు కన్నా అరక్షణం ముందే. అయినా వేలు లేచేదాకా గీత గియ్యలేదు. రూలు రూలే.

ఎనిమిదో చోట అయిపోయాక అడిగాను, "ఎలా ఉంటుంది ఆ కూత? నేను మర్చిపోయాను."

ఆలోచించింది. "మీరు మీటింగు మొదలయ్యేముందు మైకు పెట్టగానే కుయ్యిమనేది గుర్తుందా? వెంటనే మీరు పరిగెత్తుకెళ్ళి తగ్గించేసేవారు. అలా ఉంటుంది. కానీ తగ్గించాలనిపించదు."

గుర్తుంది నాకు.

కాగితం మోకాలి మీద పెట్టుకుని ఈరోజు గీతలన్నీ కలిపి లెక్కేశాను. వినేవారి సంతకం గడిలో ఆవిడ పెట్టింది, కోర్టు సంతకం, పొడుగ్గా. రాసేవారి సంతకం గడిలో నేను పెట్టాను.

పదకొండు. ఒక్కటీ వినలేదు. పదకొండూ నేనే రాశాను.